రెండో ఫిల్ము

సంతాప సభలో మా ప్రిన్సిపాల్ ఆయన్ని సౌమ్యుడన్నాడు. మితభాషి అన్నాడు. అజాతశత్రువు అని కూడా అన్నాడు. మూడూ అబద్ధాలే. కరీంనగర్‌లో ఆయన గొడవపడని స్కానింగ్ సెంటర్ లేదు, ఆయన్ని బయటికి నడవమనని మెదడు డాక్టరు లేడు. మా కాలేజీ స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు కాబట్టే అది నాకు దక్కింది. నేను కామర్స్ చెబుతాను, సార్ లెక్కలు చెప్పేవారు. పోయినవారం ఆదిలాబాద్ నుంచి వస్తూ బస్సులోనే గుండె ఆగి పోయారు. పక్కనున్నవాళ్ళు నిద్రపోతున్నాడనుకున్నారట. అంతసేపు నోరెత్తకుండా కూర్చున్నారంటే అది ఆయన కాదేమో అనిపించింది నాకు.

ఆ పొగడ్తలు వింటుంటే నా ఒళ్ళు మండిపోయింది. ఉన్నన్నాళ్ళూ మనిషిని పూచికపుల్లలా తీసిపారేసి, పోయాక దండ వేసి దేవుణ్ణి చేయడం మనవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. పైగా ఆ సభ పెట్టింది ఎక్కడనుకున్నారు, ఆయన గదిలోనే. ఒకప్పుడు బాటనీ వాళ్ళు ఎండిన మొక్కలు దాచుకున్న గది అది. ఆయన అడిగి తీసుకున్నది కాదు, కొట్లాడి తీసుకున్నది. గోడ పొడుగునా ఇనుప అరలు, అరల నిండా మెదడు స్కాన్ ఫిల్ములు ఉండేవి. మా అటెండరమ్మ దాన్ని పీనుగుల అర్ర అనేది, గడప బయటే నిలబడి ఊడ్చేది. ఇప్పుడు అరలు ఖాళీ. ఫినాయిల్ వాసన, అద్దె కుర్చీలు, గోడకు ఆయన ఫోటో. ఫిల్ములు ఏమయ్యాయని పక్కనున్న ఫిజిక్స్ ఆయన్ని అడిగితే, ష్, మౌనం పాటిస్తున్నాం అన్నాడు.

ఆ మౌనంలో కూర్చుని నేను ఆయన బొటనవేలు గుర్తు చేసుకున్నాను. ఎప్పుడు చూసినా దానికి సుద్ద అంటుకుని ఉండేది. తరగతిలో అయినా, స్టాఫ్‌రూములో అయినా, ఎవరైనా మెదడులో గడ్డ గురించి అడిగితే చాలు, సుద్దముక్కతో ఒక గుండ్రం గీసేవారు. ఇది డాక్టరు చూసే గడ్డ అనేవారు. తర్వాత ఆ గీతను బొటనవేలితో చుట్టూ బరబరా రుద్దేసేవారు. అంచు పోయి మసక మిగిలేది. ఇదీ అసలు గడ్డ అనేవారు. గీత స్కానింగ్ మిషన్‌ది, మసక మనిషిది అని ఆయన మాట.

ఆయన చేసే పని అంతా ఆ మసక గురించే. గడ్డ కణాలు రెండే పనులు చేస్తాయని చెప్పేవారు. ఉన్నచోట పెరగడం ఒకటి, పక్కకు పాకడం ఒకటి. ఎంత తొందరగా పెరుగుతున్నాయి, ఎంత దూరం పాకుతున్నాయి అన్న రెండు సంగతులు దొరికితే, మెదడు తెల్ల భాగంలో అది డాంబరు రోడ్డు మీద పోయినట్టు పోతుందనీ, బూడిద భాగంలో దుక్కి చేలో నడిచినట్టు నడుస్తుందనీ లెక్క కట్టి, ఫిల్ములో కనిపించనిది ఎక్కడిదాకా పోయిందో అంచనా వేయొచ్చు. కణాలు గుంపుగా ఉన్నచోటే ఫిల్ములో తెల్లగా తేలుతుంది. పలచగా ఉన్నచోట ఏమీ కనబడదు. కనబడనంత మాత్రాన లేనట్టు కాదు. ఇంత సులువైన సంగతి ఈ ఊళ్ళో ఒక్కరి బుర్రకీ ఎక్కదేమని ఆయన రోజూ తిట్టేవారు.

ఆయనది ఆదిలాబాద్. అక్కడి మరాఠీ అలవాటు కొద్దీ నన్ను మేడమ్ అనేవారు కాదు, బాయి అనేవారు. ఫిల్మ్‌ను లైటు పెట్టెలో చూసేవారు కాదు, స్టాఫ్‌రూము పడమటి కిటికీకి ఎత్తిపట్టి చూసేవారు. ఆ వెలుతురుకు ఎవరైనా అడ్డొస్తే ప్రిన్సిపాల్ అయినా సరే, జరుగు అనేవారు. చూశాక అడిగే ప్రశ్న ఒకటే. రెండోది ఏదీ అని.

ఎందుకంటే ఒక్క ఫిల్ముతో లెక్క సాగదు. ఒకే మనిషివి, మందు పడకముందు, కత్తి పడకముందు, కొంత ఎడంతో తీసినవి రెండు కావాలి. "ఒక్క ఫిల్ముంటే అది ఫోటో బాయి. రెండుంటెనే లెక్క" అనేవారు. ఆ రెండింటినీ కలిపి నూలు దారంతో కట్టి అరలో పెట్టేవారు. రబ్బరు బ్యాండు వేస్తే ఎండాకాలం ఫిల్ముకు అంటుకుపోతుందట.

రెండు ఫిల్ములు దొరకడం మన దగ్గర ఎంత గగనమో ఆయన పక్కన కూర్చున్నాకే తెలిసింది నాకు. డాక్టరు మారితే పాత ఫిల్ము పనికిరాదు. ఇది మా సెంటర్‌ది కాదు, మళ్ళీ తీయించండి అంటాడు. ఎందుకంటాడో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. జనం ఏమన్నా తక్కువ తిన్నారా? కొత్త డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు పాత ఫిల్ము ఇంట్లో దాచేసి పోతారు. ఈయన తనంతట తాను కనుక్కుంటాడా లేదా చూద్దామని పరీక్ష. ఇక మనిషి పోతే సరేసరి. మూడో రోజు పరుపు, బట్టలు, మందులతోపాటు ఫిల్ములు కూడా వాగు ఒడ్డున పారేసి వస్తారు. పోయినవాళ్ళ వస్తువు ఇంట్లో ఉండకూడదు. ఆ మూడో రోజుకు ముందే ఆయన స్కూటరు ఆ ఇంటి ముందు ఆగేది. ఫిల్ములు ఇయ్యమని అడిగేవారు. పిండం ఇంకా పెట్టకముందే వచ్చే ఈ మనిషిని జనం ఎన్ని మాటలన్నారో నేను రాయలేను.

నాకూ అసహ్యంగానే ఉండేది, మా తమ్ముడికి వచ్చేదాకా.

మా తమ్ముడు గల్ఫ్‌లో ఏసీ మెకానిక్. అక్కడ పనిలో ఉండగా ఫిట్స్ వచ్చి పడిపోతే ఇంటికి పంపించేశారు. కరీంనగర్‌లో మెదడు డాక్టరుకు చూపించాం. ఆయన స్కాన్ తీయించి, చిన్న గడ్డ, నెమ్మదిగా పెరిగే రకంలా ఉంది, పండగలు కానీయండి, తర్వాత తీసేద్దాం అన్నాడు. మేం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఫిల్ము పట్టుకెళ్ళి సార్‌కు చూపించాను. కిటికీకి ఎత్తి చూశారు. మొదటిది ఏడున్నది అన్నారు. ఇదే మొదటిది సార్ అన్నాను. ఫిట్సొచ్చినోణ్ణి స్కాన్ తియ్యకుంట విమానం ఎక్కిచ్చిండ్రా, ఇంటికి పోయి దేవులాడు అన్నారు.

వెతకాల్సిన పని లేకపోయింది. మా బావ, అంటే అక్క భర్త, నవ్వుతూ తెచ్చి ఇచ్చాడు. తమ్ముడి సూట్‌కేసులో అడుగున బట్టల మధ్య పెట్టాడట. డాక్టరు చెప్పింది, అక్కడివాళ్ళు చెప్పింది కలుస్తాయో లేదో చూద్దామనే దాచానన్నాడు. కలిశాయి కదా, డాక్టరు మంచోడే అని కూడా అన్నాడు. ఆ మాట సార్‌కు చెబితే స్టాఫ్‌రూము అదిరిపోయింది. "డాక్టరంటే సోది చెప్పేటామె అనుకున్నరా మీరు? దాసిపెట్టి పరీక్ష పెడ్తరా?" అన్నారు. నన్నే అన్నారు. అక్కడ మరి బావ లేడు.

రెండు ఫిల్ములూ పక్కపక్కన కిటికీకి ఎత్తిపట్టి చూశారు. తర్వాత గది తలుపేసుకుని లెక్క చూశారు. మర్నాడు పొద్దున చెప్పారు. నెమ్మదిగా పెరిగేది కాదు, గాలికి పోతున్నట్టు పోతోంది, పండగల దాకా ఆగొద్దు అని. రెండూ పట్టుకుని నాతోపాటు డాక్టరు దగ్గరికి తనూ వచ్చారు. రాకపోయినా బాగుండేది. డాక్టరు గల్ఫ్ ఫిల్ము ముట్టుకోలేదు. వేరే మిషన్‌ది దీనికి పోల్చకూడదు అన్నాడు. తేడా ఎంత వస్తుందో ఆ తేడా కూడా కట్టే చూశానని సార్ కాగితం ముందు పెట్టారు. మీరు ఏం డాక్టరు అని అడిగాడు. గణితం అన్నారు. డాక్టరు నవ్వాడు, ఆయన వెనక నర్సు నవ్వింది, మా బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ పళ్ళు పటపటమంటాయి.

సార్ మాత్రం ఆ కాగితాన్నే ఇంకాస్త ముందుకు జరిపారు. నా లెక్క కూడా తప్పే అన్నారు. "నాది ఎంత తప్పో చెప్పగల్గుత. మీది ఎంత తప్పో మీరు చెప్పుండ్రి." డాక్టరు గంట కొట్టి తరవాతి పేషెంటును పిలిచాడు.

వారం తిరక్కుండానే తమ్ముడికి మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. స్కాన్ తీస్తే గడ్డ కంటికి కనిపించేంతగా పెరిగి ఉంది. అప్పుడు ఆదరాబాదరాగా ఆపరేషన్ చేశారు. నిజం చెప్పాలి, డాక్టరు ఆపరేషన్ బాగానే చేశాడు. చేతులు, కాళ్ళు, మాట అన్నీ బాగున్నాయి. బయటికి వచ్చి గడ్డ మొత్తం తీసేశానన్నాడు. ఆ "మొత్తం" అన్న మాటే మా కొంప ముంచింది. ముక్క పరీక్షకు పోయి, చెడ్డ రకమని తేలి, కరెంటు పెట్టించుకోవాలని కాగితం మీద రాసి ఇచ్చారు. మా దగ్గర రేడియేషన్‌ను కరెంటు అంటారు. కానీ మొత్తం తీసేశాక కరెంటు ఎందుకు అని మా బావ, ఒళ్ళు కాలిపోతుందట అని మా అవ్వ, హైదరాబాద్‌లో ఎవరుంటారు అని మా అక్క. నేను ఒక్కదాన్ని ఎంత మొత్తుకున్నా గోడకు చెప్పినట్టే. తమ్ముడికి జబ్బు పేరు కూడా చెప్పలేదు. నీళ్ళ గడ్డ అన్నారు. వాడి గురించి వాడు తప్ప అందరూ మాట్లాడుకున్నారు.

మొక్కు తీర్చుకోవాలని జమ్మికుంట పక్కనున్న మా ఊళ్ళో పోచమ్మకు యాటను కోశారు. కాలేజీవాళ్ళను పిలిచాను. సార్ ఒక్కరే వచ్చారు. విస్తరి ముందు కూర్చుని, మా తమ్ముడి తల మీది కుట్లు చూస్తూ, కరెంటు ఎప్పుడు మొదలు అని అడిగారు. మా బావ, మొత్తం తీసేసిండ్రు గద సార్, ఇంక పరేషాన్ ఎందుకన్నాడు.

అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉంచి ఆయన మొదలుపెట్టారు. వాళ్ళ బాపు ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లు హమాలి. చిన్నప్పుడు మిల్లుల్లో నిప్పు పడటం ఎన్నోసార్లు చూశారట. "పత్తి కుప్పకు నిప్పంటుకుంటే నల్లగైనకాడికి తీసి ఊకుంటరా? సుట్టూ తెల్లగున్నది గూడ తీసి నీళ్ళల్ల ఏస్తరు. నిప్పు లోపల్లోపల నడుస్తది, మీదికి కనవడది. మీ డాక్టరు నల్లగున్నదంత తీసిండు. మంచిగనే తీసిండు. తెల్లగున్నది ఎవలు జూడాలె?"

పత్తి రైతుల ఇల్లు మాది. ఆ మాట అర్థం కానివాళ్ళు ఆ పందిట్లో లేరు. అర్థమైంది కాబట్టే అందరికీ కోపం వచ్చింది. మా అవ్వ, శుభమా అని మొక్కు చేసుకుంటుంటే నీ నోట్లె మంచి మాట రాదా అయ్యా అని అడిగింది. మా బావ లేచి, సార్, మీరు తిని పోతే మంచిది అన్నాడు. ఆయన తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఇంత చదువుకున్న మనిషికి, ఒక మాట ఎక్కడ అనాలి, ఎక్కడ అనకూడదు అన్న ఇంగితం లేదా అనుకున్నాను. ఇప్పుడు అనుకుంటాను, ఎక్కడ అనేవారు మరి? ఆస్పత్రిలో అంటే నవ్వారు, స్టాఫ్‌రూములో అంటే కుర్చీ జరుపుకున్నారు.

స్కూటరు దాకా నేను వెళ్ళాను. నా వెనకే తమ్ముడు వచ్చాడు. కర్చీఫ్ తలకు చుట్టుకున్నాడు. నన్ను చూడలేదు, ఆయన్ని చూసి అడిగాడు.

"నిజం చెప్పుండ్రి సార్. నాకు ఎన్ని దినాలున్నయ్?"

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, చెప్పొద్దని. ఆయన చెయ్యి విడిపించుకున్నారు. స్కూటరు సీటు మీది దుమ్ములో వేలితో గుండ్రం గీశారు, బొటనవేలితో రుద్దారు. ఆ మసక వాడికి చూపిస్తూ చెప్పారు.

"ఈ పత్తి జూస్తవ్. కరెంటు పెట్టిచ్చుకుంటే వచ్చే పత్తి గూడ జూస్తవ్. ఆ మీది పత్తి గురించి నా లెక్క ఏం చెప్పది."

"గంతేనా?"

"గంతే. తప్పు గూడ కావచ్చు. ఎటు తప్పితే ఎంత తప్పుతదో, కూసుంటే చెప్త."

ఇద్దరూ వేపచెట్టు కింద రాయి మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పందిట్లోంచి చూస్తే సార్ నేల మీద పుల్లతో ఏదో గీస్తున్నారు, వీడు వంగి చూస్తున్నాడు, మధ్యలో ఏదో అడుగుతున్నాడు. లేచి వచ్చాక తమ్ముడి ముఖం తేటగా ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. "ఇన్ని దినాలకు ఒక్కడన్న నాతోని మాట్లాడిండక్కా" అన్నాడు. ఆ సాయంత్రమే బావతో తెగేసి చెప్పాడు, కరెంటుకు పోతున్నానని. బావ రాకపోతే ఒక్కణ్ణే బస్సెక్కుతానన్నాడు. నేను వెంట వెళ్ళాను.

వాడు ఆ పత్తి చూశాడు. వచ్చే పత్తి కూడా చూశాడు. పెళ్ళయిన కొత్తలోనే విమానమెక్కినవాడు, బిడ్డ పుట్టినప్పుడు లేనివాడు, ఆ బిడ్డను బడిలో దించి, బడి నుంచి తెచ్చి, సైకిల్ నేర్పి, అది కింద పడితే తిట్టి, ఆ కాలమంతా ఇంటిపట్టున ఉన్నాడు. గల్ఫ్‌లో ఉన్న అన్నేళ్ళలో చేయని సంసారం అంతా అప్పుడు చేశాడు. పత్తి అమ్ముడుపోయి, చేలల్లో ఎండిన పత్తికట్టె పీకుతున్న రోజుల్లో పోయాడు.

మా వాళ్ళు ఆ కాలాన్ని లెక్కలోకి తీసుకోలేదు. సార్ నోటిమాట తగిలిందన్నారు. ఆయన అన్నట్టే అయింది కాబట్టి, ఆయన అనడం వల్లే అయిందట. అనకపోతే బతికేవాడట. గడ్డను నెమ్మదిగా పెరిగేది అన్న డాక్టరును ఒక్కరూ ఒక్క మాట అనలేదు. మొత్తం తీసేశానన్నవాడు దేవుడు, మిగిలి ఉందన్నవాడు శని. ఈ న్యాయం చూసి నాకు మా ఇంటి మీదే విరక్తి పుట్టింది.

మూడో రోజు పరుపు, బట్టలు మూట కట్టారు. ఫిల్ముల కవరు కూడా అందులోనే పెట్టారు. నేను తీశాను. మా అవ్వ వద్దంది, పోయినోని వస్తువు పరాయోని చేతుల పెడ్తవా, అందులో ఆయన చేతులనా అంది. తీసుకునే బయటికి వెళ్ళాను. ఆయన మా ఇంటి ముందుకు రాలేదు, వాకిలి కనిపించకుండా మూల మీద స్కూటరు ఆపుకుని నిలబడ్డారు. కవరు తీసుకుని వెంటనే కిటికీ కోసం వెతుక్కునే మనిషి, ఆరోజు దాన్ని చంకలో పెట్టుకుని ఊరికే నిలబడ్డారు.

"నా లెక్క కంటె జర ఎక్కువనే బతికిండు బాయి" అన్నారు. "నా లెక్క తప్పింది. మంచిగైంది."

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత దేని మీద తప్పిందో తెలుసుకోవాలని, ఆ తప్పును పట్టుకుని చాలా రోజులు ఆ గదిలో కూర్చున్నారు. తలుపు సందులోంచి చూస్తే మా తమ్ముడి ఫిల్ములు బల్ల మీద ఉండేవి. ఎవరో ఒకరు వాడి గురించి ఇంకా ఆలోచిస్తున్నారని నాకు ధైర్యంగా ఉండేది. మా ఇంట్లో వాడి పేరెత్తితే టీవీ సౌండు పెంచేవారు.

మౌనం అయిపోయి ప్రిన్సిపాల్ మళ్ళీ మాట్లాడుతున్నాడు. ఆయన పరిశోధనను ముందుకు తీసుకుపోవడం మన బాధ్యత అన్నాడు. నాకు ఇక కూర్చోవడం చేతకాలేదు. లేచి వరండాలోకి వచ్చి, చాయ్ కప్పులు సర్దుతున్న అటెండరమ్మను అడిగాను. ఆమె చెప్పడానికి మొదట జంకింది. చచ్చినోళ్ళ ఫిల్ములు గదిలో పెట్టుకుని సభ ఎట్ల పెడ్తమని ప్రిన్సిపాల్ సారే తీయించాడంది. మొన్ననే పాత సామాన్ల ఆయన వచ్చి మొత్తం ఆటోలో వేసుకుపోయాడట. వాటిలో వెండి ఉంటుందట, కరిగిస్తారట.

గడ్డ మొత్తం తీసేసినట్టే తీశారు గది మొత్తం. దండ వేసిన ఫోటో కింద కూర్చుని బాధ్యత అంటున్నారు. ఆ ఫిల్ముల్లో కొన్నిటినే ఆయన కంప్యూటరులోకి ఎక్కించగలిగారు. మిగతావన్నీ ఆ దారాల ముడుల్లోనే ఉన్నాయి.

ఆ పాత సామాన్ల కొట్టు కాలేజీ వెనక సందులోనే ఉంది. పరుగులాంటి నడకతో వెళ్ళాను. కరిగించడానికి ఇంకా పంపలేదు, రేపు లారీ వస్తుందన్నాడు కొట్టాయన. ఎంత ఇమ్మన్నా ఇస్తాను, అన్నీ తిరిగి కావాలన్నాను. తీసుకోండి మేడమ్, ఫికర్ లేదన్నాడు. మంచివాడు. పని కూడా శుభ్రంగా చేశాడు. దారాలన్నీ కోసేసి, పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో, సైజుల ప్రకారం అంచులు కలిపి గోడకు పేర్చాడు.

తెగిన దారాలు నేల మీద కుప్పగా ఉన్నాయి. నేను చెప్పులు వదిలి, రేకుల కప్పు కింద ఆ ఇనుప తుక్కు మధ్య కూర్చున్నాను. ఒక్కో ఫిల్ము వెలుతురుకు ఎత్తి, మూలనున్న పేరు చదివి, ఆ పేరున్న రెండోది ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. పెద్దపల్లి ఆమె, బెల్లంపల్లి ఆయన, భైంసా నుంచి వచ్చిన ముసలాయన. నేను చూడని మనుషులు. ఆయన ఇంటింటి ముందూ నిలబడి తిట్లు తిని తెచ్చిన మనుషులు. మా తమ్ముడి గల్ఫ్ ఫిల్ము చేతికొచ్చింది, మూల అరబ్బీ అక్షరాలతో. కరీంనగర్‌ది రాలేదు. వాడిది కూడా ఇప్పుడు ఉట్టి ఫోటోనే.

అటెండరమ్మ ఆయాసపడుతూ వచ్చి గడప బయటే నిలబడింది. కొట్టులోకి రాలేదు.

"మేడమ్, ప్రిన్సిపాల్ సారు పిలుస్తుండు. సార్ గురించి మీరు రెండు మాటలు చెప్పాలెనంట. అందరు మీకోసమే చూస్తుండ్రు."

నేను ఇంకో ఫిల్ము ఎత్తి పట్టుకున్నాను. ఆమె నీడ దాని మీద పడుతోంది.

"జరుగు" అన్నాను. "రెండోది దొరకలేదని చెప్పు."